నాలుగో గిన్నె

జూలై 7, సోమవారం

అమ్ములూ,

నీ పెట్టెలో రాయని పుస్తకం ఒకటి ఉంటే తీసుకున్నాను. అట్ట మీద కాలేజీలో నిన్ను పిలిచే పేరు ‘తీరి’ అని బర్మా అక్షరాలతో రాసుకున్నావట, మీ నాన్న చదివి చెప్పారు. నాకు బర్మా మాట వచ్చు, అక్షరం రాదు. బస్సు నంబరు పోల్చుకుంటాను, అంతే. నాకొచ్చినవి మా ఊరి గుడిలో పంతులుగారు నేర్పిన తెలుగు అక్షరాలు. ఈ ఇంట్లో ఇంకెవరికీ రావు. నీకు నేర్పబోతే ‘ఎవరికి రాయాలమ్మా’ అని నవ్వేదానివి. ఇదిగో, నీకే రాస్తున్నాను. నువ్వు చదవలేవని తెలిసే రాస్తున్నాను.

నిన్నటితో నీ పదకొండో రోజు కార్యం అయింది. చుట్టాలు వెళ్ళిపోయారు. మీ నాన్న పొద్దున్నే రేవులో పనికి వెళ్ళిపోయారు. నేను హాస్టలు వాళ్ళు పంపిన పెట్టె తెరిచి ఒక్కొక్కటీ చాప మీద పెట్టాను. నువ్వు కాలేజీకి కట్టుకునే లుంగీలు, తెల్ల రవికలు, దోమతెర, ముఖానికి తనఖా చెక్క గంధం తీసుకునే రాయి, లావు పుస్తకాలు. తనఖా రాయి ఇంకా వాసన వేస్తోంది. పసుపుపచ్చ గొడుగు లేదు.

గిన్నె కూడా లేదు.

ఆ గిన్నె సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ప్రతి శనివారం నీకు కట్టి పంపే క్యారియరుకి నాలుగు గిన్నెలు. అడుగున అన్నం, దాని మీద కూర, దాని మీద చేప వేపుడు, పైన చిన్న గిన్నెలో ఊరగాయ. అచ్చెన్న నది అవతల తన్లిన్‌కి నడిపే తన బండిలో తీసుకెళ్ళి హాస్టలు గేటు దగ్గర ఇస్తాడు, మంగళవారం ఖాళీది తెస్తాడు. నీకు జ్వరం వచ్చిన వారం, మంగళవారం నాడు క్యారియరు మూడు గిన్నెలతో వచ్చింది. పైది లేక కొక్కెం పడలేదు. ఎర్ర ప్లాస్టిక్ తాడుతో కట్టి ఉంది. లోపల కడిగి, తుడిచి, తాటిబెల్లం ముక్క పెట్టి ఉంది.

ఖాళీ గిన్నె ఇంటికి పంపకూడదని నీకు నేనే నేర్పాను. బెల్లం చూసి, అమ్మయ్య, పిల్ల లేచి తిరుగుతోంది అనుకున్నాను.

లేచి తిరగలేదు నువ్వు. ఆదివారం జ్వరం. బుధవారం ఆసుపత్రి. గురువారం తెల్లవారేసరికి అయిపోయింది. డెంగీ అన్నారు.

మరి ఆ బెల్లం ఎవరు పెట్టారు? అన్నం ఎవరు తిన్నారు? గిన్నె ఎవరు దాచారు?

జూలై 8, మంగళవారం

పబేడాన్ బజారు సందులో మళ్ళీ వడల పొయ్యి పెట్టాను. రెండు వాయలు మాడ్చేశాను.

జూలై 9, బుధవారం

అప్పలమ్మ వచ్చి మధ్యాహ్నం దాకా కూర్చుంది. గోడకి అవతల ఇల్లు, వచ్చిందంటే లేవదు, నీకు తెలుసు కదా. నా నోరు ఆగక గిన్నె సంగతి చెప్పేశాను.

“ఒలే సూర్యా! గిన్నె దాసినాదంటే నీకేటీ తోచనేదేటే?” అంది.

“ఏటి తోచాలి?”

“గిన్నెలోదేదో కనపడకూడదనే దాస్తారు. ఆ గదిలో గుంట పేరేటన్నావూ?”

“సండా.”

“ఆ సండాయే. కార్యానికి వొచ్చినాదా?”

“వచ్చింది. గుమ్మం దగ్గర నిలబడి వెళ్ళిపోయింది. కళ్ళెత్తి చూడలేదు.”

“ఎలా సూస్తాది? ఆసుపత్రిలో డాక్టరు ముందు ఏటన్నాదో నువ్వే సెప్పినావు కదా.”

అవును, నేనే చెప్పాను. తిండీ నీళ్ళూ లేక ఎన్నాళ్ళయిందని డాక్టరు అడిగాడు. నేను నోరు తెరిచేలోగా సండా ‘మూడు రోజులు’ అంది. మూడు రోజులు నీ నోట్లో ఏమీ పడలేదని దానికి తెలుసు. అయినా క్యారియరు మాత్రం ఖాళీ అయింది. అక్కడే దాన్ని పట్టుకుని తోసేశాను. గోడకి కొట్టుకుంది.

“నీ గుంట ఎండిపోనాది, ఆ గుంట బుగ్గలు సూడు, సపాటా పళ్ళే!” అంది అప్పలమ్మ.

వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగింది. “అవునే, క్యారియరు పంపేది శనివారం కదా. ఆ బుధవారం ఎందుకు కట్టినావు? అచ్చెన్న బండికాడ క్యారియరు పట్టుకుని ఉండగానే ఫోనొచ్చినాదని మా ఆయన అంటన్నాడు?”

ఊరికే కట్టానన్నాను.

జూలై 11, శుక్రవారం

అచ్చెన్నని పట్టుకుని అడిగాను. బండి టైరు మీద నీళ్ళు పోస్తున్నాడు.

“ఆ మంగళవారం క్యారియరు ఎవరిచ్చారు బావా నీకు?”

“ఆ రెండో గుంటే ఇచ్చినాది. పొట్టిగా ఉంటాది సూడు. వోనలో తడుసుకుంటూ వొచ్చినాది.”

“ఏమన్నా అందా?”

“‘అంకుల్, అమే ఏమన్నా అడిగితే గిన్నె తరవాత పంపుతానని చెప్పు’ అన్నాది. నాను మర్సిపోనాను సూర్యమ్మా. సేతికి గుడ్డ సుట్టుకున్నాది. కాలినట్టున్నాది.”

సండా నన్ను ఇంకా అమే అంటోందట, బర్మాలో అమ్మ అని. చేతికి గుడ్డ. గిన్నె తరవాత పంపుతానందట. అంటే దాని దగ్గరే ఉంది.

ఇంటికొస్తూ బస్సులో లెక్క చూసుకున్నాను. నీతో రెండేళ్ళు ఒకే గదిలో ఉంది. డెల్టాలో ఎక్కడో చేపల వాళ్ళ పిల్ల. నెలకోసారి ఎండు రొయ్యలు తప్ప ఇంటి నుంచి ఏమీ రావని నువ్వే జాలిపడేదానివి. ‘సండాకి కూడా ఇంకో చేప ముక్క పెట్టమ్మా’ అనేదానివి. పెట్టాను. రెండేళ్ళు పెట్టాను.

జూలై 13, ఆదివారం

ఆదివారం నువ్వు ఫోన్ చేసే రోజు. పదకొండు గంటలకి ఫోను దగ్గర కూర్చున్నాను. ఎందుకో తెలీదు.

ఆ ఆదివారం కూడా పదకొండింటికే చేశావు. ఒళ్ళు కాలిపోతోందమ్మా, కళ్ళ వెనక నొప్పి అన్నావు. జాగ్రత్తగా ఉండమని చెప్పాను. అంతే.

జూలై 15, మంగళవారం

పొయ్యి పెట్టలేదు. అచ్చెన్న బండి ఎక్కి తన్లిన్ వెళ్ళాను. వంతెన దాటుతుంటే నది మట్టిరంగులో పొంగి ఉంది. నిన్ను మొదటిసారి హాస్టల్లో దింపిన రోజు కూడా ఇలాగే ఉంది. ‘అమ్మా, ఇటు చూడు, నవ్వు’ అని ఫోటో తీశావు.

గేటు దగ్గర మొహింగా నూడిల్స్ బండి చుట్టూ ఆడపిల్లలు మూగి ఉన్నారు. అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. ఒకత్తి పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకుని పాఠం గట్టిగా అప్పజెపుతోంది, ఇంకొకత్తి దాని గిన్నెలోంచి చేపపులుసు తాగేస్తోంది. ‘దొంగా! నా పరీక్ష కూడా నువ్వే రాస్తావా?’ అని ఇది, ‘నీ పరీక్ష రాస్తే ఇద్దరం తప్పుతాం’ అని అది. నవ్వులు. నాకు వాళ్ళని కొట్టాలనిపించింది. నవ్వుకోండే అని ముద్దుపెట్టుకోవాలని కూడా అనిపించింది.

అప్పుడు నీ పసుపుపచ్చ గొడుగు కనపడింది. దాని కింద సండా.

నన్ను చూసి ఆగిపోయింది. గబగబా గొడుగు మూసి, నీళ్ళు దులిపి, రెండు చేతులా నాకందించింది. “తీరిది, అమే. ఇద్దరం ఒక్కటే వాడేవాళ్ళం. పెట్టెలో పెట్టడం మర్చిపోయాను.”

మర్చిపోయిందట. వానలో వేసుకుని తిరుగుతూ మర్చిపోయింది.

“గిన్నేది?” అన్నాను.

దాని ముఖం మారింది. కుడిచెయ్యి వెనక్కి పెట్టుకుంది. చూశాను అమ్ములూ, అరచేతి మీద కాలిన మచ్చ, గులాబీరంగులో కొత్త చర్మం.

“తరవాత ఇస్తాను అమే. ఇంకా... బాగు కాలేదు.”

“గిన్నె బాగుకాకపోవడమేంటి? నీకు సుస్తీ చేసిందా, గిన్నెకి చేసిందా?”

తలవంచుకుంది. వాన దాని జుట్టు మీంచి కారుతోంది.

“నా కూతురు మూడు రోజులు తినలేదని డాక్టరుకి చెప్పావు. ఎందుకు తినలేదో అది కూడా చెప్పు.”

ఏదో చెప్పబోయింది. నా ముఖంలోకి చాలాసేపు చూసింది. తరవాత, “నోరు చేదుగా ఉందంది అమే,” అని చెప్పి లోపలికి పరిగెత్తింది. అబద్ధం చెప్పేవాళ్ళ గొంతు నాకు తెలుసు. రోజూ బజార్లో వింటాను.

జూలై 16, బుధవారం

మీ నాన్నకి అంతా చెప్పాను. హాస్టలు చూసుకునే పెద్దావిడ డో మ్య దగ్గరికి వెళ్ళి ఫిర్యాదు చేస్తానన్నాను.

తింటున్న చెయ్యి ఆగిపోయింది. “ఒగ్గీయే సూర్యా.”

“ఎందుకు ఒదిలెయ్యాలి?”

“ఆ గుంటనేటీ అనకు. అది సదువుకోనీ.”

“మన గుంట చదువుకోలేదు కదా! నీకేటి తెలుసని దాన్ని వెనకేసుకొస్తున్నావు?”

“నాకు తెలుసు,” అన్నారు. కంచంలో చెయ్యి కడిగేసుకుని లేచిపోయారు. ఏం తెలుసో చెప్పలేదు. ఆ ఆదివారం ఆయన ఇంట్లోనే ఉన్నారు. నేను ఫోను మాట్లాడుతుంటే కిటికీ దగ్గర గడ్డం గీసుకుంటున్నారు.

ఈ మనిషి మీద కూడా నాకు అనుమానంగా ఉంది.

జూలై 19, శనివారం

నాలుగింటికే మెలకువ వచ్చింది. లేచి చేప కడిగి, పసుపూ ఉప్పూ పట్టించాక గుర్తొచ్చింది.

జూలై 20, ఆదివారం

పదకొండు గంటలు.

జాగ్రత్తగా ఉండమని చెప్పాను. దోమతెర కట్టుకోమని చెప్పాను. ఇంకేమీ లేదు.

జూలై 21, సోమవారం

వెళ్ళాను. అప్పలమ్మ కూడా వస్తానంది, వద్దన్నాను.

డో మ్య గదిలో బల్ల మీద మీ అందరి సంతకాల పుస్తకం ఉంది. సాయంత్రం ఆరింటికి లోపలికొచ్చిన పిల్లలంతా సంతకం పెట్టాలని చెప్పేదానివి కదా. నీ పేరు చూపించమన్నాను. వేలుతో చూపించింది. జూన్ ఇరవై ఒకటి దాకా ఉన్నావు.

ఆమె మంచిగానే మాట్లాడింది, టీ తెప్పించింది. నేను టీ ముట్టలేదు. సండా నా కూతురి సొత్తు దాచుకుందన్నాను. నా కూతురి తిండి తినేసిందన్నాను. జ్వరంతో ఉన్న పిల్లని మూడు రోజులు ఆకలితో పడుకోబెట్టి, నాకు కబురు కూడా చెయ్యలేదన్నాను. అంటున్న కొద్దీ నా గొంతు పెరిగింది. వరండాలో పిల్లలు పోగయ్యారు.

“గది వెతికించండి,” అన్నాను.

వెతికారు. నేను నీ గుమ్మంలో నిలబడ్డాను. నీ మంచం మీద పరుపు లేదు, ఉత్త చెక్క. కిటికీ ఊచకి నీ జుట్టు రబ్బరు ఇంకా ఉంది. సండా గోడకి ఆనుకుని నిలబడింది. దాని మంచం కింద, బట్టల సంచి వెనక, పాత కాగితాల్లో చుట్టి ఒక కరెంటు పొయ్యి దొరికింది. దాని పక్కనే గిన్నె.

“గదిలో వంట!” అంది డో మ్య. “ఎన్నిసార్లు చెప్పాను? ఈ పాత వైర్లకి ఒక్క నిప్పురవ్వ చాలు, రెండు వందల మంది పిల్లలు! ఎవరిదీ పొయ్యి?”

“నాదే ఆంటీ,” అంది సండా.

“ఏం వండావు?”

మాట్లాడలేదు.

“ఎందుకు వండావు? చెప్పు. చెపితే నేను కూడా ఏదైనా ఆలోచిస్తాను కదా.”

నా వైపు ఒకసారి చూసింది. మళ్ళీ నేల చూసింది. నేరం చెయ్యనివాళ్ళు అలా ఊరుకుంటారా?

శనివారంలోగా హాస్టలు ఖాళీ చెయ్యమన్నారు. బయట గది తీసుకుని చదివే స్తోమత దానికి లేదని వరండాలో ఎవరో గొణిగారు. ‘పరీక్షలు నెల కూడా లేవు’ అన్నారు ఇంకెవరో. నేను గిన్నె తీసుకుని వచ్చేశాను. మెట్లు దిగుతుంటే నీ వయసు పిల్లలు నాకు దారి ఇచ్చి గోడకి అతుక్కున్నారు, నేనేదో కరిచేదాన్నన్నట్టు.

గెలిచాను అమ్ములూ. చీకటి పడకముందే ఇంటికొచ్చాను. గిన్నె సంచిలోంచి తియ్యలేదు.

జూలై 22, మంగళవారం

తీశాను.

అడుగంతా నల్లగా మాడిపోయింది. బయట కాదు, లోపల. ఇసుకపెట్టి తోమిన గీతలు, నిమ్మచెక్క రుద్దిన మరక. చాలాసార్లు తోమారు. అంచు మడతలో, గుడ్డ వెళ్ళని చోట, ఒక తెల్లటి పొర ఎండిపోయి ఉంది. గోటితో గీకి నాలిక మీద పెట్టుకున్నాను.

ఉప్పు లేని బియ్యం జావ.

ముప్పై ఏళ్ళుగా వండుతున్నాను. ఏ మాడు ఏ వంటదో వాసన చూసి చెప్పగలను. కూర మాడు వేరు, నూనె మాడు వేరు. ఒక్క మనిషికి, చిన్న గిన్నెలో, చాలాసేపు కలుపుతూ కాసిన జావ ఇది. పక్కకి చూస్తే అడుగంటుతుంది. చెయ్యి కూడా కాలుతుంది. బర్మా వాళ్ళు జ్వరం వస్తే ముందు పెట్టేది ఇదే. పొయ్యి వెలిగిస్తారు.

మనం పొయ్యి ఆర్పేస్తాం.

గిన్నె తోమలేదు.

జూలై 23, బుధవారం

ఆదివారం ఫోనులో జాగ్రత్తగా ఉండమని చెప్పాను. అంతే కాదు.

జూలై 24, గురువారం

రాస్తాను. ఎవరూ చదవలేని అక్షరాల్లో అయినా ఒకసారి రాయాలి.

ఒళ్ళు కాలిపోతోందమ్మా అన్నావు. లంకణం ఉండు అన్నాను. మూడు రోజులు అన్నం ముట్టకు, నీళ్ళు కూడా గొంతు తడిసేపాటే తాగు, కడుపు ఖాళీగా ఉంటే జ్వరం దానంతటదే పోతుంది అన్నాను. ‘సండా జావ కాస్తానంటోంది’ అన్నావు. ‘వద్దు, వాళ్ళకి తెలీదు’ అన్నాను. ‘ఆకలేస్తోందమ్మా’ అన్నావు.

ఆకలేస్తోంది అన్నావు నువ్వు.

‘నాలుగో రోజు నేనే పథ్యం వండి పంపుతాను, ఓర్చుకో, నా మీద ఒట్టు’ అన్నాను.

మా అమ్మ మమ్మల్నందర్నీ ఇలాగే పెంచింది. పొలాల మధ్య ఊరు, డాక్టరు లేడు, జ్వరమొస్తే మూడు రోజులు లంకణం, నాలుగో రోజు మెత్తటి అన్నం, బీరకాయ కూర, మిరియాల చారు. ఏడుగురం బతికాం. నేను కొత్తగా ఏమీ చెప్పలేదు. మా అమ్మ చెప్పిందే చెప్పాను. నేను వేరే ఏం చెప్పగలను?

ఆ బుధవారం నేను కట్టిన క్యారియరు పథ్యం. మూడు గిన్నెల్లో. ఊరగాయ ఎలాగూ పెట్టను కదా, నాలుగో గిన్నె లేకపోతే ఏం అనుకున్నాను. అన్నం వేడిగా ఉంది. అచ్చెన్న బండి స్టార్టు చేశాడు. ఫోను మోగింది.

డాక్టరు నాతో మెల్లగానే చెప్పాడు. ఈ జ్వరంలో ఒంట్లో నీరు ఇంకిపోతుందమ్మా, తాగిస్తూ ఉండాలి అన్నాడు. నాకు వినపడింది. అప్పుడే సండాని తోశాను.

సాయంత్రం మీ నాన్న రేవు నుంచి వచ్చాక గిన్నె ఆయన ముందు పెట్టాను.

“నీకు తెలుసు కదా,” అన్నాను.

“నువ్వు ఫోను మాటాడతంటే ఇన్నాను.”

“అప్పుడే ఎందుకు అడ్డుకోలేదు?”

“మా అమ్మ కూడా అదే సేసేది, సూర్యా. నిజమే కాబోలు అనుకున్నాను.” గిన్నె అంచు తడుముతూ అన్నారు, “నాను కూడా అనుకున్నాను.”

ఇద్దరం ఆ గిన్నెకి చెరో పక్కన కూర్చున్నాం. కరెంటు పోయింది. ఎవరమూ లేచి దీపం పెట్టలేదు.

జూలై 25, శుక్రవారం

అచ్చెన్న బండి రాకముందే లైను బస్సెక్కి వెళ్ళాను.

సండా పెట్టె సర్దుకుంటోంది. పెట్టె కూడా కాదు, బియ్యం సంచి. నన్ను చూసి లేచి నిలబడింది. మళ్ళీ కొడతాననుకుందేమో, ఒక అడుగు వెనక్కి వేసింది. నేను నీ చెక్క మంచం మీద కూర్చున్నాను.

“జావ ఎవరికి కాశావు?”

దుప్పటి తీసి మడతపెట్టసాగింది.

“నేనే తినొద్దన్నాను. ఆదివారం ఫోనులో. నీకు తెలుసు.”

దాని ముఖం ఒక్కసారి చిన్నపిల్ల ముఖం అయిపోయింది. “మీరు మర్చిపోయారనుకున్నాను అమే. మర్చిపోతేనే మంచిదనుకున్నాను.”

“అందుకా నిన్న కాక మొన్న అంతమంది ముందు నోరు విప్పలేదు?”

“చెపితే మీ పేరు చెప్పాలి కదా.”

అదే చెప్పుకుపోయింది, దుప్పటి మడతపెడుతూ, విప్పుతూ, మళ్ళీ మడతపెడుతూ. నేను శనివారం పంపిన చేప వేపుడు ఆదివారం తనే తిన్నానంది. “తీరి బలవంతం చేసింది. పారేస్తే అమ్మ ఏడుస్తుంది, నువ్వు తిను, నేను చూస్తాను అంది. నేను తింటుంటే చూస్తూ పడుకుంది. ఉప్పు సరిపోయిందా అని అడిగింది.”

“బెల్లం?”

“అదీ తీరే చెప్పింది. ఖాళీగా పంపితే అమ్మకి అనుమానం వస్తుంది అంది.”

అనుమానం! నా పిల్లే ఆ మాట అంది.

“జావ తాగిందా?”

“సోమవారం రెండు చెంచాలు. మంగళవారం కరెంటు వచ్చేసరికి ఆలస్యమైంది, మీ గిన్నె మాడ్చేశాను, పట్టుకుంటే చెయ్యి కాలింది. పైపైన తీసి పెట్టాను. నాలుగు చెంచాలు తాగింది. నాలుగోదానికి నవ్వింది. ‘అమ్మకి చెప్పకు, ఒట్టు తప్పానంటుంది’ అంది.” కళ్ళు తుడుచుకుంది. “ఇంకా పెట్టవలసింది అమే. ముక్కు మూసైనా పొయ్యవలసింది. పెద్దవాళ్ళు వద్దన్నారంటే భయపడ్డాను. బుధవారం పొద్దున ఆంటీకి చెప్పేశాను.”

ఆరు చెంచాలు. ఆ మూడు రోజుల్లో నీ కడుపులో పడింది ఆరు చెంచాలు. అవి పెట్టిన చేతిని నేను గోడకి తోశాను.

ఆ చెయ్యి పట్టుకుని చూశాను. కాలినచోట చర్మం ఉల్లిపొర లాగా ఉంది. “వెన్న రాయలేదేంటే?” అన్నాను. ఇంకేమీ అనడం చేతకాలేదు. అది నా ఒళ్ళో తల పెట్టి ఏడ్చింది. నేను దాని జుట్టు నిమిరాను. నీ జుట్టంత మెత్తగా లేదు.

తరవాత డో మ్య గదికి వెళ్ళాను. “ఆ కరెంటు పొయ్యి మా అమ్మాయిది. నేనే కొనిచ్చాను,” అన్నాను.

ఆమె కళ్ళజోడు తీసి నన్ను చూసింది. “డో సూర్యా, సోమవారం మీరు ఆ పిల్లని దొంగ అన్నారు. ఇవాళ పొయ్యి మీదంటున్నారు. నేను ఏది రాయాలి?”

“రెండోది రాయండి.”

“పొయ్యి తనదని ఆ అమ్మాయే ఒప్పుకుంది.”

“చనిపోయిన స్నేహితురాలి మీద చెప్పడం ఇష్టం లేక ఒప్పుకుంది. గిన్నె నాది, పొయ్యి నాది, తప్పు కూడా నాదే.” బల్ల అంచు పట్టుకున్నాను. “నా పిల్లని తినొద్దన్నది నేను. జావ కాసింది ఆ పిల్ల. మీరు వెళ్ళగొట్టవలసిన మనిషిని నేను. కానీ నాకిక్కడ గది లేదు.”

గట్టిగానే అన్నాను. వరండాలో పిల్లలు ఉన్నారు. ఉండనీ. సోమవారం విన్నవాళ్ళు ఇవాళ కూడా వినాలి.

డో మ్య కలం మూసి పక్కన పెట్టింది. తరవాత టీ తెప్పించింది. ఈసారి తాగాను. ఇంకోసారి గదిలో పొయ్యి కనపడితే ఊరుకోనని సండా చేత సంతకం పెట్టించుకుని, ఉండమంది. పొయ్యి మాత్రం నా చేతికిచ్చి, “మీది కదా, తీసుకెళ్ళండి,” అంది. నవ్విందేమో తెలీదు.

అబద్ధం ఆడాను అమ్ములూ. నీ మీద ఒక తప్పు వేశాను. నువ్వు కోప్పడవు.

జూలై 26, శనివారం

నాలుగింటికి లేచాను. ఈసారి గుర్తుండే చేప కడిగాను.

అప్పలమ్మ గోడ మీంచి తొంగిచూసింది. “ఎవులికే క్యారియరు?”

“మా సండాకి.”

“ఒలమ్మా! మొన్నే కదే దాన్ని తిట్టినావు?”

“మొన్న నేను కళ్ళు మూసుకుని తిట్టాను, నువ్వు పక్కన కూర్చుని తాళం వేశావు. వంకాయ పెడతాను, తిని పో.” తినిపోయింది. దానికీ ఏడుపొచ్చింది, కారం ఎక్కువైందని చెప్పింది.

అడుగున అన్నం, దాని మీద పప్పు, దాని మీద చేప, రెండు ముక్కలు. నీదీ దానిదీ. పైన నాలుగో గిన్నె. మాడు పోలేదు, పోగొట్టను. అందులో ఊరగాయ పెట్టి మూశాను. కొక్కెం టక్కున పడింది. నెల రోజులైంది ఆ చప్పుడు విని.

ఈ పేజీ చింపి మడతపెట్టి క్యారియరు సంచిలో వేస్తున్నాను. అచ్చెన్న హారన్ కొడుతున్నాడు.

సండా, ఇవి నువ్వు చదవలేని అక్షరాలు. నా కూతురు కూడా చదవలేదు. ఆదివారం పదకొండింటికి ఫోన్ చెయ్యి, ఏం రాశానో చెపుతాను. పరీక్షలని తిండి మానకు. జ్వరం వచ్చినా, నోరు చేదుగా ఉన్నా, ఎవరు వద్దన్నా, నేను వద్దన్నా సరే, వేళకి కడుపునిండా అన్నం తిను అమ్మా.